ఛార్జింగ్ మూతకి తెలుగు రాదు

సెమిస్టర్ పరీక్షలయ్యాక పెనుగొండ వెళ్ళేసరికి, మా బాబాయ్ కరెంటు కారుకి ఒక కట్టు కట్టి ఉంది. ఛార్జింగ్ పెట్టే చోట మూత పడటం లేదు. వాన నీళ్ళు లోపలికి పోకుండా యూరియా సంచి ముక్క కప్పి, టేపు వేశాడు. సర్వీస్ సెంటర్‌లో అడిగితే మూత సెట్ మొత్తం మార్చాలి, పార్ట్ రావడానికి టైం పడుతుంది అన్నారట. లోపల ఉన్న చిన్న ముక్క విడిగా అమ్మరట.

మా వీధి చివర ఒక మెకానిక్ మావయ్య ఉన్నాడు. ట్రాక్టరైనా, వరి కోత మిషనైనా శబ్దం విని రోగం చెప్పేస్తాడు. ఆయన కూడా ఈ కారు చూసి చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "కరెంటు బండి కదండీ, నాకెందుకొచ్చిన గొడవ" అన్నాడు బాబాయ్‌తో.

అప్పుడు నేను డాష్‌బోర్డులోంచి మాన్యువల్ తీశాను. మొత్తం ఇంగ్లీషే. నేను చిన్నప్పటి నుంచీ ఇంగ్లీష్ మీడియం, తెలుగు చదవాలంటేనే కూడబలుక్కోవాలి. మొదటిసారి అది ఎవరికైనా పనికొచ్చింది. చదివి మావయ్యకి రెండే విషయాలు చెప్పాను. ఒకటి, నారింజ రంగు వైర్లు వందల వోల్టులవి, వాటి జోలికి పోకూడదు. రెండు, మూత గడియని నడిపే బుల్లి మోటారు మామూలు 12 వోల్టుల బ్యాటరీ మీదే పనిచేస్తుంది.

"అంటే మా ట్రాక్టర్ లైట్ల కరెంటే కదా!" అన్నాడు. అంతే, చేతులు ముందుకొచ్చాయి.

ప్లగ్ తీసేసి, కారు ఆపేసి, తాళం ఇంట్లో పెట్టాం. రెండు నిమిషాల్లో జబ్బు దొరికింది. గడియ పిన్ను చుట్టూ బురద ఎండి గట్టిపడి, పిన్ను వెనక్కి వెళ్ళడం లేదు. కింద నీళ్ళు పోయే చిన్న కన్నం కూడా పూడిపోయింది. నేను హుషారుగా స్ప్రే డబ్బా ఎత్తితే మావయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆ కరెంటు పిన్నుల మీద నూనె పడితే?" సాకెట్‌కి పొడి గుడ్డ అడ్డం పెట్టి, పాత టూత్‌బ్రష్‌తో మట్టి దులిపి, అగ్గిపుల్లతో కొంచెం సిలికాన్ గ్రీజు పెట్టాడు. అరగంటలో మూత టక్కున పడింది.

పనితనం అంతా ఆయనదే. ఆయన దగ్గర లేనిది ఆ రెండు వాక్యాలు మాత్రమే.

వారంటీ పోతుంది, ప్రమాదం అని కొందరంటారు. బ్యాటరీ విషయంలో నేనూ అదే అంటాను, అది శిక్షణ ఉన్నవాళ్ళ పని. కానీ మూత, అద్దం, వైపరు కూడా బ్యాటరీతో కలిపి "ముట్టుకోవద్దు" అంటే, ఇంకో పదేళ్ళలో మన ఊళ్ళ మెకానిక్కులు ఏం తినాలి?

1980 ప్రాంతంలో ఎంఐటీ ల్యాబ్‌లో ప్రింటర్ ప్రోగ్రాం సోర్స్ కోడ్ ఇవ్వలేదని రిచర్డ్ స్టాల్‌మన్‌కి మండింది. 1983లో ఆయన ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు వెనక ఆ కోపం కూడా ఉంది. మనం సీఎస్ వాళ్ళం ఆ కథని గొప్పగా చెప్పుకుంటాం. కార్ల దగ్గరికొచ్చేసరికి మర్చిపోతాం. అమెరికాలో మసాచుసెట్స్ ఓటర్లు 2012లోనే కార్ల రిపేర్ సమాచారం బయటి మెకానిక్కులకీ ఇవ్వాలని ఓటేశారు. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా 2022 జూలైలో రిపేర్ హక్కు మీద కమిటీ వేసి, డిసెంబరులో పోర్టల్ తెరిచింది. అందులో వాహనాలూ ఉన్నాయి. మంచిదే, కానీ పోర్టల్ పెట్టినంత మాత్రాన చట్టం చేసినట్టు కాదు. చిన్న ముక్కలు విడిగా అమ్మాలి, రిపేర్ కాగితం తెలుగులో కూడా ఇవ్వాలి అని చట్టమే చెప్పాలి.

అప్పటిదాకా మనం చేయగలిగింది ఒకటుంది. ఆ సాయంత్రం మావయ్య, నేను కలిసి ఒక పేజీ రాశాం. "యాక్చుయేటర్" దగ్గర నేను ఆగిపోతే ఆయన "గడియ మోటారు" అని రాయమన్నాడు. నారింజ వైర్ల హెచ్చరిక అన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాలతో పెట్టాం. ఆ పేజీ ఇప్పుడు ఆయన షెడ్డు గోడకి అంటించి ఉంది. నా స్పెల్లింగ్ తప్పులు రెండు ఆయనే దిద్దాడు.

మన క్లబ్‌లో కవితలు రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈ సెలవుల్లో మీ ఊరి మెకానిక్ కోసం అలాంటి పేజీ ఒక్కటి రాయండి.