లోపలి ఫంక్షన్లు, బయటి అవసరాలు

కృష్ణా డెల్టా కాలువలు ముఖ్యంగా పొలాల కోసం తవ్వినవి. కాని మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో మంచినీటి చెరువులూ వాటితోనే నిండుతాయి. అందుకే వేసవిలో కాలువలు కట్టేసే ముందు చెరువులు నింపుకోమని చెబుతారు. చెప్పకుండా కట్టేస్తే ఏమవుతుంది?

కంప్యూటర్ ప్రోగ్రాముల్లోనూ ఇదే చిక్కు ఉంది. ప్రోగ్రాములో ఒక్కొక్క పని చేసే భాగాన్ని ఫంక్షన్ అంటారు. కొన్ని ఫంక్షన్లు అందరికోసం. కొన్ని తయారుచేసినవారి సొంత వాడకానికే. పైథాన్‌లో ఈ రెండో రకం పేర్లు అడుగు గీతతో మొదలవుతాయి. 2023లో పైథాన్ 3.13 తయారుచేస్తూ అలాంటి ఫంక్షన్లు చాలావాటిని బయటివారికి అందకుండా చేశారు. వాటిపై ఆధారపడిన ప్రాజెక్టులు ఇబ్బందిపడ్డాయి. చివరకు కొన్నింటిని తిరిగి ఇవ్వవలసి వచ్చింది.

లోపలివి వాడటం బయటివారి తప్పే కదా అనవచ్చు. నిజమే. అన్నీ ఎల్లకాలం తెరిచి ఉంచితే లోపల మరమ్మతే సాగదు. అయినా సరైన దారి లేకనే చాలామంది ఆ దారి పడతారు. కాబట్టి వాడుకలో ఉన్నదాన్ని తెరిచే ఉంచి, దానికి బదులు మరొకటి ఇచ్చి, గడువు చెప్పి, ఆ తర్వాతే మూయాలి. వాడేవారూ తమ అవసరాన్ని ముందుగా తెలపాలి.

మీరు రాసిన ప్రోగ్రామును పక్క తరగతివాళ్ళు వాడుతున్నారా? మార్చేముందు వాళ్ళతో ఒక మాట చెప్పండి.