హార్డ్ డిస్కుకి కులగోత్రాలేంటండీ బాబూ!

ఆఫీసులో ఎవడైనా హార్డ్ డిస్కు కొంటానంటే చాలు, పదిమంది పోగవుతారు. "సీగేటా? ఛీ!" అని ఒకడు, "డబ్ల్యూడీ తప్ప ముట్టను" అని ఇంకోడు. గట్టిగా అడిగితే తేలేదేంటంటే, ఎప్పుడో ఒక్క డ్రైవు పోయింది, అంతే! ఒక్క శాంపిల్‌తో తీర్పులిచ్చే మనం ఇంజినీర్లమట.

2000లో వచ్చిన ఐబీఎం డెస్క్‌స్టార్ 75జీఎక్స్‌పీని జనం 'డెత్‌స్టార్' అన్నారు. సీగేట్ 3 టీబీ మోడలొకటి బ్యాక్‌బ్లేజ్ వాళ్ళ దగ్గర కుప్పలుగా పోయింది, అదే సీగేట్ 4 టీబీ డ్రైవులు వాళ్ళ దగ్గరే చక్కగా నడిచాయి. అంటే చూడాల్సింది మోడల్ని, ఇంటిపేరుని కాదు. ఆ ఇంటిపేర్లు కూడా నిలవలేదు: మాక్స్‌టర్ 2006లో సీగేట్‌లో కలిసిపోయింది, హిటాచీ డ్రైవుల వ్యాపారం 2012లో డబ్ల్యూడీ చేతికెళ్ళింది.

వారంటీ అంటారా? 2011 చివర్లో సీగేట్, డబ్ల్యూడీ రెండూ చాలా డ్రైవులకి కోత పెట్టాయి. నా డ్రైవు పోయినప్పుడు (కంపెనీ పేరెందుకు లెండి) బిల్లు పట్టుకుని మూడుసార్లు తిరిగా. చివరికి చేతిలో పెట్టింది రిపేరు చేసిన పాత డ్రైవు. చెల్లి పెళ్ళి ఫోటోలు గోవిందా! "డేటాకి వారంటీ ఉండదు సార్" అన్నాడా కుర్రాడు. వాడి మీద అరిచాను గానీ, రెండో కాపీ పెట్టుకోనిది నేనే కదా.

ఈసారి రెండు డ్రైవులు కొన్నా, వేర్వేరు కంపెనీలవి. ఏవో మాత్రం అడక్కండి.