ఊరి బరియు, దూరపు బరియు

గడచిన సంక్రాంతి దినములలో నర్సీపట్నమునకు చేరువనున్న యొక పల్లెకు మేము చుట్టపుచూపుగా వెళ్లితిమి. కనుమనాటి సాయంకాలము చెరువుగట్టు క్రింద ఆడపిల్లల చెడుగుడు జరుగునని విని, వంటపని త్వరగా ముగించుకొని పోయి కూర్చుంటిమి. నేల తడిపి, రాళ్లేరి, సున్నముతో గీతలు దిద్దియుంచిరి. పొరుగూరి పిల్లలు ఏడుగురును వచ్చి నిలిచిరి. ఈ యూరి పక్షమున ఆరుగురే వచ్చిరి. కొంతసేపు ఇటునటు చూచి, తుదకు ఎన్నడును బరిలో దిగి యెరుగని యొక చిన్నదానిని బ్రతిమాలి ఏడవదానినిగా నిలువబెట్టిరి. కూతకు పోవుటకు ఒక్కరికిని ధైర్యము లేకపోయెను. ఆట ముగియునప్పటికి ఈ యూరివారు మిక్కిలి తేడాతో ఓడిరి.

మా ప్రక్కన కూర్చున్న యొక యిల్లాలిని దీనికి కారణమేమని అడిగితిమి. “ఏడోది మా అమ్మాయేనమ్మా. దూరపు హాస్టలుకి ఎంపికైంది. మొన్న జూన్ నెల్లో తీసుకెళ్లారు. సంతోషమే. కానీ ఈ పిల్లల మొహాలు చూస్తే నేనేదో తప్పు చేసినట్టుంటాది,” అని ఆమె చెప్పెను.

ఆ తల్లి తప్పేమియు చేయలేదు. అయినను ఆమె మాట మమ్ము ఇంటికి వచ్చిన పిమ్మటను విడువలేదు. కావున ఈ నెల మన ముచ్చటకు దానినే విషయముగా గైకొంటిమి.

నేడు ఆటలలో పైకి వచ్చుటకు మెట్లు ఏర్పడియున్నవి. ఉమ్మడి రాష్ట్రములో 1993వ సంవత్సరమున హైదరాబాదు చెంత హకీంపేటలో క్రీడాపాఠశాల వెలసెను. తరువాత కడపలోను అట్టిది ఏర్పడెను. హకీంపేట పాఠశాలకు నాలుగవ తరగతిలోనే పిల్లలను ఏరుదురు. మండలములో మొదట, జిల్లాలో పిమ్మట, రాష్ట్రములో తుదకు ఎన్నిక. ఎత్తు, బరువు, పరుగు, నిలిచి దూకు దూరము మున్నగునవి కొలిచి చూతురు. ఎనిమిది, తొమ్మిదేండ్ల బిడ్డ ఆ కొలతలలో నెగ్గినచో తల్లి యొడి విడిచి వసతిగృహమునకు పోవును. పెద్దపిల్లలకు వేరు శిక్షణాలయములు కలవు. చెడుగుడునకు 2014 నుండి ప్రో కబడ్డీ లీగు అను గొప్ప పోటీ వచ్చినది. దాని పండ్రెండవ యేటి ఆటలు 2025 ఆగస్టులో మన విశాఖపట్టణముననే మొదలైనవి.

ఈ మెట్ల వలన కలిగిన మేలును కాదనువారము కాము. విశాఖపట్టణపు బిడ్డ జ్యోతి యర్రాజీని తలచుకొనుడు. తండ్రి కావలి ఉద్యోగి. తల్లి యొరుల యిండ్లలోను, ఆసుపత్రిలోను పనిచేసి సంసారమును లాగినది. పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడు ఆ పిల్ల పొడవును, చురుకును కనిపెట్టి హర్డిల్స్ పరుగునకు తగినదని గుర్తించెను. అచ్చటినుండి హైదరాబాదు, అచ్చటినుండి భువనేశ్వరము. 2023లోను, మరల 2025లోను ఆమె 100 మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా ఖండమునకే ప్రథమురాలయ్యెను. 2024లో పారిస్ ఒలింపిక్సునకు వెళ్లెను. ఊరిలోనే ఉండిపోయినచో ఇది సాధ్యమయ్యెడిదా? కాదు.

కాని యీ కథలో మొదట కన్ను వేసినవారెవరు? చిన్న పాఠశాలలోని ఉపాధ్యాయుడు. కరణం మల్లీశ్వరి కథయును ఇట్టిదే. శ్రీకాకుళము జిల్లా ఆమదాలవలసలో నీలంశెట్టి అప్పన్న గారి కడ, పండ్రెండవ యేట ఆమె బరువులెత్తుట మొదలుపెట్టెను. అక్కచెల్లెండ్రును అదే విద్య నేర్చిరి. 1990లో జాతీయ శిబిరమున చేరెను. 1994, 1995 సంవత్సరములలో ప్రపంచ విజేత యయ్యెను. 2000 సెప్టెంబరులో సిడ్నీ నగరమున మొత్తము 240 కిలోలెత్తి కంచుపతకము గెలిచి, ఒలింపిక్ పతకమందిన తొలి భారత స్త్రీగా నిలిచెను. వివాహానంతరము ఆమె హర్యానాలో స్థిరపడి, అచ్చటి పిల్లలకు శిక్షణాలయము నెలకొల్పెను. అది ఆమెకును, అచ్చటి బిడ్డలకును శుభమే. అయితే ఉత్తరాంధ్రపు ఒక చిన్న వ్యాయామశాలలో మొలచిన విద్య వేయి మైళ్ల దూరమున ఫలించుచున్నదని మనము గుర్తుంచుకొనవలెను. రైతు మేలైన వెన్నులను ఏరి విత్తనమునకు దాచును. ఆ విత్తనము మరల ఆ పొలముననే పడును. మన ఆటలలో మాత్రము విత్తనము దూరమునకు పోవుచున్నది. పొలము బీడుగా మిగులుచున్నది.

ఊరి ఆటసంఘమన ఏమి? నాలుగు గీతలు, ఒక పాత విజిల్, సాయంకాలము ఒక గంట తీరిక చేసికొని వచ్చు నొక అన్నయో, మాస్టారో. అంతే. దానినుండి ఏ పదేండ్లకో ఒక గొప్ప క్రీడాకారిణి రావచ్చును, రాకపోవచ్చును. అది నిత్యము చేయు మేలు వేరు. నీళ్ల బిందె దించి, తమ్ముని ఆడించి, చదువు ముగించిన ఆడపిల్లకు తనదని చెప్పుకొనదగిన గంట ఆ యొక్కటియే. అచ్చట ఆమె గట్టిగా అరవవచ్చును, పడవచ్చును, లేవవచ్చును, ఎవరును తప్పుపట్టరు. ఏడుగురి ఆటలో ఒక్కతె పోయినప్పుడు ఏడవ వంతు పోయినదని లెక్క కట్టరాదు, ఆటయే పోవును. మగపిల్లలకైన మరియొకడు దొరకును. ఆడపిల్లలలో ఏడుగురు కూడుటయే కష్టము. మూడు దినములు ఆట జరుగకున్న నాలుగవ దినమున “ఇంక ఆ మైదానమెందుకు?” అను మాట ఇంటింటను పుట్టును. ఇది మనమెరుగని విషయము కాదు.

వేరొక చిక్కును కలదు. పెద్ద పోటీలలో చెడుగుడు మట్టిమీద ఆడరు. చాపవంటి మెత్తని పరుపు పరచి, బూట్లు తొడిగి ఆడుదురు. మట్టిలో జారి పట్టుపట్టుట వేరు, పరుపుమీద కాలు నిలుపుట వేరు. ఎన్నికలకు పిల్లలను పంపదలచిన సంఘమువారు ఆ పరుపును కొనవలెను, దానిని వానకు తడియనీయక దాచుటకు కప్పు వేయవలెను. ఆడవారి బరి 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. అంతమేర పరుచుట పల్లెటూరి సంఘమునకు తేలిక కాదు. ఏమియు ఖర్చు లేని ఆటయని పేరుపొందిన చెడుగుడునకే ఈ గతి పట్టినది. తత్ఫలితముగా కలవారి అకాడమీకి పిల్లలు పోవుదురు. లేనివారి మట్టిబరి చిన్నబోవును.

ఇక ఆడపిల్లల విషయము చూడుడు. 2012లో పాట్నాలోను, 2025లో ఢాకాలోను జరిగిన ప్రపంచ కప్పులను మన దేశపు స్త్రీలే గెలిచిరి. అయినను 2016లో మూడు జట్లతో మొదలిడిన మహిళల కబడ్డీ ఛాలెంజి ఆ ఒక్క యేటితోనే ఆగిపోయెను. మగవారి వేలములో మన తెలుగు టైటన్స్ జట్టువారు 2023లో ఢిల్లీ వాడగు పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు గైకొనిరి. ఆటగాడు తన కష్టమునకు ఫలమందుట న్యాయమే. మే మనునది యేమన, ఆడపిల్లకు మెట్లు చూపి ఊరి బరినుండి తీసికొనిపోవునప్పుడు పైమెట్టు గట్టిగా ఉన్నదా యని తల్లిదండ్రులు విచారింపవలెను. పై మెట్టు లేని నిచ్చెన యెక్కిన పిల్ల దిగివచ్చునప్పటికి క్రింది బరి యైనను మిగిలియుండవలెను గదా!

ఈ చింత మన కొక్కరికే కలిగినది కాదు. ఆస్ట్రేలియా దేశమున పక్షమునకు పదునెనిమిదిమంది చొప్పున అండాకారపు మైదానములో ఆడు కాలిబంతి ఆట యొకటి కలదు. దాని పెద్ద పోటీలోని సంఘములు 1986 నుండి ఏటేట దేశమంతట యువకులను వరుసగా ఎన్నుకొనుచుండును. ఓడిన సంఘమునకు ముందు వంతు. ఆ యెన్నికకు తయారు చేయుటకు పదునెనిమిదేండ్ల లోపు వారికి వేరు పోటీలున్నవి. అందుచేత పల్లెసంఘములలోని చురుకైన పిల్లలు శనివారము తమ యూరి తరఫున ఆడుటకు బదులు దూరమున ఆడుదురు. అచ్చటి పల్లెలలో కాలిబంతి సంఘమును, స్త్రీలాడు నెట్‌బాల్ సంఘమును తరచుగా ఒక్కటే. అన్న బంతి యాడుచుండగా చెల్లెలు ప్రక్క బరిలో నెట్‌బాల్ ఆడును. తల్లులు తినుబండారములు అమ్మి సంఘమునకు సొమ్ము చేర్తురు. కావున మగపిల్లల పక్షము కూడకపోయినచో ఆడపిల్లల ఆటకును, ఊరివారి కలయికకును దెబ్బ తగులును. ఆటగాండ్రు చాలక పొరుగూరి సంఘముతో కలిసిపోయిన సంఘములు అచ్చట పెక్కు కలవు. అయినను అందొక మంచి గలదు. పెద్ద సంఘములు ఎన్నుకొనని యువకుడు తన యూరికి వచ్చి, సిగ్గుపడక, మరల ఆ పాత చొక్కాయే తొడిగి ఆడవచ్చును. తిరిగివచ్చుటకు చోటున్నది.

లోకమంతట ఆడు ఫుట్‌బాల్‌లో మరియొక ధర్మము పెట్టిరి. ఒక సంఘము మరియొక సంఘమునకు సొమ్మిచ్చి ఆటగానిని గైకొన్నప్పుడు, ఆ సొమ్ములో నూటికి 5 వంతులు అతనికి 12వ యేటినుండి 23వ యేటివరకు శిక్షణ యిచ్చిన సంఘములకు పంచవలెనని ఫీఫా నియమము. మొదట నేర్పినవారి ఋణమును లెక్కలో చూపిన పద్ధతి యిది. మన చెడుగుడు వేలములలోను ఇట్టి వంతు ఊరి సంఘములకు చేరిన యెడల, ఎన్ని మట్టిబరులకు దీపము వెలుగును!

ధనము వచ్చువరకు చేతులు కట్టుకొని కూర్చుండనక్కరలేదు. విజయనగరము జిల్లాలోని కొండవెలగాడ అను పల్లెను బరువులెత్తువారి యూరని జనులు పిలుతురు. తరము వెంబడి తరము అచ్చటి బాలురును బాలికలును ఆ విద్య నేర్చుచున్నారు. 2014లో గ్లాస్గో నగరమున జరిగిన కామన్వెల్త్ క్రీడలలో పతకమందిన మత్స సంతోషి ఆ యూరి బిడ్డయే. ఒకరు పైకి పోయిన మరియొకరు ఇనుప కడ్డీ పట్టుటకు సిద్ధముగా నుందురు. ఒక్క పిల్లమీద ఆధారపడక ఊరంతయు ఆ విద్యను తనదనుకొన్నచో ఇట్లుండును.

కావున సోదరీమణులతో మేము మనవి చేయునది యిది. బిడ్డకు ఎన్నిక వచ్చినప్పుడు అడ్డుపడకుడు, పంపుడు. కాని పంపుటకు ముందు ఆమె నేర్చిన కూతను, పట్టును తన క్రింది పిల్లలిద్దరికైనను నేర్పి పొమ్మనుడు. సెలవులకు వచ్చినప్పుడు కొత్త బూట్లు చూపుటకు మాత్రమే గాక, పాత చెలులతో ఆడుటకు బరికి పంపుడు. పత్రికలవారు వచ్చినప్పుడు పెద్ద కోచి పేరుతోపాటు మొదటి మాస్టారి పేరును చెప్పుట నేర్పుడు. పెరటి చెట్టు మందుకు రాదను సామెతను మన పిల్లల నోట నిజము చేయనీయకుడు.

ఎన్నికలో తప్పి తిరిగివచ్చిన పిల్లను “చెడివచ్చినది” అనకుడు. ఆమె మూడు నాలుగేండ్లు నేర్చిన విద్య ఊరికి వచ్చిన కట్నము. ఆమె చేతికి విజిల్ ఇచ్చి చిన్నపిల్లలను అప్పగింపుడు. ఇక సాయంకాలము ఒక గంట, వంతులవారీగా ఇద్దరు తల్లులు మైదానము కడ కూర్చున్నచో పిల్లలను పంపుటకు ఏ యింటను సందేహము పుట్టదు. కూరగాయలు అచ్చటనే తరుగుకొనవచ్చును. పది యిండ్లవారు నెలకు కొంత చొప్పున వేసికొన్నచో దీపమునకు, మంచినీళ్లకు లోటుండదు. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నారు పెద్దలు. ఇల్లే పాడుపడినచో మొదట గెలుచుట యెక్కడ?

మేము ఆ పల్లె విడుచునాడు ఆ తల్లిని మరల చూచితిమి. వేసవి సెలవులలో కూతురు వచ్చునని చెప్పెను. “వచ్చినప్పుడు, కనుమనాడు ఏడవదానినిగా నిలువబెట్టిన ఆ చిన్నదానికి కూత నేర్పుమని జాబు వ్రాయరాదా?” అని అడిగితిమి. ఆమె నవ్వి, “జాబెందుకమ్మా, ఈ రాత్రికే ఫోనులో చెప్తాను,” అనెను. ఆ చిన్నది గుమ్మము చాటుననే నిలిచి మా మాటలు వినుచున్నది. వచ్చే సంక్రాంతికి ఆ చెరువుగట్టునకు మరల పోవలెనని మేము నిశ్చయించుకొంటిమి.