ఒకే తప్పునకు ఒకే తూకము

ఆటలో గెలుపొందినవాడు సంతోషముతో గంతు వేయుట సహజము. కాని ఆ గంతు ఓడినవానిని వెక్కిరించునట్లుండరాదు. ఈ మర్యాదను కాపాడుటకై అమెరికా దేశమున కళాశాలల ఫుట్‌బాల్ ఆటలో ఒక నియమమును ఏర్పరచిరి. నియమపు ఉద్దేశము మంచిదే. దానిని అమలుపరచు తీరే విచారింపదగినది.

అమెరికావారి ఫుట్‌బాల్ మనమెరిగిన ఫుట్‌బాల్ కాదు. కోలగానుండు బంతిని చేతబట్టుకొని మైదానపు చివరి గీతను దాటినచో 6 పాయింట్లు వచ్చును. పిమ్మట బంతిని రెండు స్తంభముల నడుమగా తన్నినచో మరియొక పాయింటు లభించును. ఆటగాడు మితిమీరి సంబరపడెనని తోచినచో నిర్ణేత పసుపుపచ్చని గుడ్డను నేలపై విసరును. అతని జట్టు 15 గజములు నష్టపోవును.

2008 సెప్టెంబరు 6వ తేదీన వాషింగ్టన్ విశ్వవిద్యాలయ జట్టు బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయ జట్టుతో ఆడెను. ఇంక 2 సెకనులే మిగిలియుండగా జేక్ లాకర్ అను యువకుడు గీతను దాటి, సంతోషము పట్టలేక బంతిని పైకెగురవేసెను. అతడెవరిని పరిహసింపలేదు. అయినను దండన పడెను. సమముగా నిలుచుటకు ఒక్క పాయింటు చాలును; కాని 20 గజముల నుండి తన్నవలసిన బంతిని 35 గజముల నుండి తన్నవలసివచ్చెను. ప్రత్యర్థులు దానిని అడ్డగించిరి. వాషింగ్టన్ 27–28 తో ఓడెను.

2009 అక్టోబరు 3న జార్జియా జట్టు ఆటగాడొకనికి చివరి నిమిషములలో ఇట్టి దండనమే పడెను. అప్పటికి ఒక పాయింటు ముందున్న ఆ జట్టు తుదకు 13–20 తో ఓడిపోయెను. తరువాత పోటీలను నడపు సంఘమువారే చిత్రములను పరిశీలించి, ఆ దండనకు ఆధారము కనబడలేదని చెప్పిరి. ఆ మాట వలన ఓటమి గెలుపు కాలేదు.

2010 డిసెంబరు 30న న్యూయార్కులో కాన్సస్ స్టేట్ ఆటగాడు ప్రేక్షకులకు ఒక్క సెల్యూటు చేసినందుకు అతని జట్టు 15 గజములు నష్టపోయి, 34–36 తో ఓడెను. ఇంతకంటె పెద్ద సంబరములు ఎన్నియో ఆటలలో దండన లేకయే సాగిపోవుట ప్రేక్షకులెరిగినదే.

“నియమము నియమమే, నిర్ణేత దయ చూపరాదు” అని కొందరందురు. నేనును కాదనను. అట్లయినచో అది మొదటి నిమిషమునను చివరి నిమిషమునను, అన్ని జట్లకును ఒక్కటిగానే యుండవలెను గదా! “మితిమీరిన” అను మాటకు కొలత లేదు. కొలత లేనిచోట నిర్ణేత మనసే కొలతయగును.

నేను ఉపాధ్యాయుడనైయుండగా, తరగతిలో పదిమంది నవ్విన దినమున ఒక్కనినే నిలువబెట్టితిని. ఆ బాలుని కన్నులలో నేను చూచినది పశ్చాత్తాపము కాదు, “నేనొక్కడనేనా?” అను ప్రశ్న. దానికి నాయొద్ద సమాధానము లేకపోయెను.

2011 నుండి దండనము మరింత కఠినమైనది. గీతను దాటకముందే ప్రత్యర్థిని వెక్కిరించినచో ఆ 6 పాయింట్లును రద్దగును. దండనము పెరిగినకొలది తూకము సరిగానుండుట మరింత అవసరము. ఎదుటివానిని అవమానించుటను మాత్రమే నిషేధించి, దానిని ఎల్లప్పుడును దండింపవలెను. ఎవరిని నొప్పింపని సంతోషమును విడిచిపెట్టవలెను. దండింపబడినవాడు సైతము “ఇది న్యాయమే” అనుకొనగలిగినప్పుడే నియమమునకు గౌరవము నిలుచును.