కూలి పోగొట్టుకోకుండా నేర్చుకునే వీలు కల్పించండి

యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీ పాలకమండలి సభ్యులకు,

హైదరాబాద్ పాతబస్తీ యువత వృత్తి శిక్షణలో చేరి మధ్యలో మానేస్తే ‘శ్రద్ధ లేదు’ అనేయడం మామూలైపోయింది. ఈ మాట ఒప్పుకోలేను. లాడ్‌బజార్ గాజు తయారయ్యే తీరు చూడండి. నిప్పుల సెగకు మెత్తబడిన లక్క గట్టిపడేలోగా ఒక్కో రాయినీ వరస తప్పకుండా అద్దాలి. 2024లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఆ పనికి ఏళ్ల సాధన కావాలి. ఉస్తాద్ దగ్గర అంతకాలం ఉండే కుర్రాడు తరగతిలో ఎందుకు ఉండలేకపోతున్నాడు? కార్ఖానాలో నేర్చుకుంటుండగానే ఎంతో కొంత చేతికొస్తుంది. అదే ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు రెండేళ్లు, పరీక్ష రాయాలంటే 80 శాతం హాజరు ఉండాలి. తండ్రి ఆటో మూలపడినా, అక్క పెళ్లి కుదిరినా, ముందు ఆగిపోయేది అతని క్లాసే. సర్టిఫికెట్ విలువ తెలియక కాదు. సౌదీ అరేబియా ఎలక్ట్రీషియన్లకు, ప్లంబర్లకు వీసాకు ముందే నైపుణ్య పరీక్ష పెడుతోందని గల్ఫ్‌కు మనుషుల్ని పంపే ఈ గల్లీలకు బాగా తెలుసు.

ఆడపిల్లలకు దూరం కూడా అడ్డమే. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం, మంచిదే. కానీ చీకటి పడేలోగా ఇల్లు చేరాలన్న పట్టింపు ఉచిత టికెట్‌తో పోయేది కాదు. 1978లో మొదలైన ఉపాధి శిక్షణ సంస్థ సెట్విన్ అనగానే చిన్న బస్సులే గుర్తొస్తాయి గానీ, శిక్షణను బస్తీల దగ్గరికి తేవడమే అది చేసిన అసలు మేలు. దూరంగా ఉన్న మీ మీర్‌ఖాన్‌పేట ప్రాంగణం ఎంత గొప్పగా కట్టినా ఆ మేలు చేయలేదు.

అందుకే నేర్చుకునేవారికి భత్యం ఇవ్వాలి. ఇస్తే డబ్బు కోసమే చేరతారని కొందరంటారు. అప్రెంటిస్‌కు స్టైపెండ్ ఇవ్వాలని 1961 చట్టమే చెబుతోంది. పని నేర్చుకునేవాడికీ పొట్ట ఉంటుందని దేశం ఎప్పుడో ఒప్పుకుంది. నెలనెలా నేర్చిన పనిని పరీక్షించి భత్యం ఇస్తే ఆ అనుమానం తీరుతుంది. శిక్షణలో కార్ఖానాలను కలుపుకుంటే బాలకార్మికులు పెరుగుతారన్న భయం ఇంతకంటే బరువైనది. 2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి పోలీసులు వందల మంది బిహార్ పిల్లలను విడిపించిన సంగతి ఎవరూ మరవకూడదు. అందుకే 18 నిండినవారినే తీసుకోండి, తనిఖీకి తలుపు తెరిచే కార్ఖానాలకే అనుమతి ఇవ్వండి.

శాలిబండ, తలాబ్‌కట్టల్లో సగంపూట తరగతులు పెట్టండి, మిగతా పూట ఉస్తాద్ దగ్గర చేసిన పనినీ హాజరుగా లెక్కించండి. ప్రతి కోర్సులో ఎందరు చేరారో, ఎందరు పూర్తిచేశారో, మానేసినవారు ఏ కారణం చెప్పారో ఏటా ప్రకటించండి.