దాహానికి చిటికెడు ఉప్పు

వడగాడ్పుల వేళ శరీరం అడిగేది నీళ్లొక్కటే కాదు. అది అడిగేవన్నీ శీతల పానీయాల దుకాణంలో కంటే వంటింట్లోనే ఎక్కువ దొరుకుతాయి.

ఎండలు ముదిరితే చాలు, తెలుగు ఊళ్ల కూడళ్లలో తాటాకు పందిళ్లు వెలుస్తాయి. కింద తడి ఇసుక, దానిపై మట్టి కుండలు, పక్కన రెండు గ్లాసులు. చలివేంద్రానికి అంతకన్నా హంగు అక్కర్లేదు. దాత చేయి కాస్త పెద్దదైతే నీళ్లతో పాటు మజ్జిగ కూడా ఉంటుంది. ఉప్పు, దంచిన అల్లం, కరివేపాకు వేసి పలుచగా చిలికిన ఆ మజ్జిగను జనం రుచి కోసం తాగుతారు. నిజానికి ఆ గ్లాసులో రుచితో పాటు కాస్త వైద్యం కూడా ఉంది.

ఆ వైద్యం విలువ తెలియాలంటే 2015 వేసవిని గుర్తు చేసుకోవాలి. ఆ ఏడాది మే నెల వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వారే. మరుసటి నెలలో, రంజాన్ ఉపవాసాల వేళ, పాకిస్తాన్‌లోని కరాచీ నగరం, దాని చుట్టుపక్కల ప్రాంతాల్లో వెయ్యి మందికి పైగా ప్రాణాలు విడిచారు. రెండు చోట్లా పోయినవారిలో కూలీలు, వృద్ధులు, నీడ లేని పేదలే ఎక్కువ. వడదెబ్బకు కారణాలు చాలా ఉంటాయి. కానీ శరీరంలో నీరు ఇంకిపోవడం వాటిలో ముఖ్యమైనది, అతి తక్కువ ఖర్చుతో ఆపగలిగింది కూడా.

ఎండలో శరీరం తనను తాను చల్లబరచుకునే మార్గం చెమట. మండుటెండలో మట్టి మోసేవారికి గంటకు లీటరు చెమట పోవడం వింత కాదు. పోయేది నీరొక్కటే అయితే నీరు తాగి ఊరుకోవచ్చు. చెమట ఉప్పగా ఉంటుందని అందరికీ తెలుసు. లీటరు చెమటతో సుమారు ఒక గ్రాము సోడియం, అంటే దాదాపు అర చెంచా ఉప్పు బయటికి పోతుంది. మనిషిని బట్టి ఇది కొంత అటూ ఇటూ ఉంటుంది. గంటల తరబడి చెమటోడ్చి, ఏమీ తినకుండా బిందెడు మంచినీళ్లు మాత్రమే తాగితే రక్తంలో మిగిలిన ఉప్పు మరింత పలుచనవుతుంది. తలనొప్పి, వికారం మొదలవుతాయి. మరీ ముదిరితే మతి తప్పడం, ఫిట్స్ రావడం దాకా వెళుతుంది. ‘ఇన్ని నీళ్లు తాగినా నీరసం తగ్గలేదు’ అని చాలామంది అనేది ఇందుకే.

నీటికి ఉప్పు తోడైతే చాలా? మూడోది కూడా ఒకటి కావాలి. పేగు గోడల్లో సోడియాన్ని, గ్లూకోజ్‌ను జంటగా లోపలికి లాగే ఏర్పాటు ఒకటుంది. ఆ రెండూ లోపలికి వెళితే వాటి వెంట నీరూ వెళుతుంది. కాబట్టి కొంచెం ఉప్పు, కొంచెం చక్కెర లేదా పిండిపదార్థం కలిసిన నీరు ఒంటికి త్వరగా పడుతుంది. ఈ సూత్రానికి పెద్ద పరీక్ష 1971లో ఎదురైంది. బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థులతో కిక్కిరిసిన పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో కలరా విరుచుకుపడింది. రక్తనాళంలోకి ఎక్కించే సెలైన్ నిండుకుంది. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, తినే సోడా కలిపిన పొట్లాలను నీళ్లలో కరిగించి డ్రమ్ముల్లో పోసి, రోగుల బంధువుల చేతే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. ఆయనకు పద్మవిభూషణ్ దక్కింది మాత్రం మరణానంతరం, 2023లో.

ఆ పాఠాన్ని ఇంటింటికీ చేర్చింది బంగ్లాదేశ్‌లోని బ్రాక్ సంస్థ. 1980 నుంచి పదేళ్ల పాటు దాని మహిళా కార్యకర్తలు కోటికి పైగా ఇళ్లకు వెళ్లి తల్లులకు ఒకే ఒక్క వంటకం నేర్పారు. మూడు వేళ్లకు వచ్చేంత ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్లు. అంతే.

ఈ లెక్క శాస్త్రానికి తెలియకముందే ఉపఖండపు వంటిళ్లకు చేతి అలవాటుగా తెలుసు. ఉప్పు వేసిన గంజిలో నీరు, ఉప్పు, పిండిపదార్థం మూడూ ఉన్నాయి. రాత్రి అన్నంలో నీళ్లు పోసి పులియబెట్టి, పొద్దున్నే ఉల్లిపాయ నంజుకుంటూ తినే చద్దన్నమూ అంతే. ఒడిశాలో దాన్నే పఖాళ అంటారు. దానికి మార్చి 20న ఒక రోజునే కేటాయించుకున్నారు. బెంగాల్‌కు రెండు వైపులా అది పాంతా భాత్. బిహార్ కూలీ వేయించిన శనగపిండిలో నీళ్లు, ఉప్పు, నిమ్మరసం, జీలకర్ర కలిపి సత్తు తాగి పనిలోకి దిగుతాడు. అందులో మాంసకృత్తులు అదనం. ఉత్తరాంధ్రలో చోళ్లు, తెలంగాణలో తైదలు, రాయలసీమలో రాగులు అనే ఒకే గింజతో కాచిన అంబలిలో మజ్జిగ, ఉప్పు కలిస్తే అది నీరూ అవుతుంది, ఆహారమూ అవుతుంది. ఆకలినీ దాహాన్నీ ఒకే చెంబుతో తీర్చడం పేదవాడి పొదుపు మాత్రమే కాదు, తెలివి కూడా.

పండ్ల బండి మీదా మేలైన సరుకే ఉంది. కీరదోసలో 95 శాతం, పుచ్చకాయలో 90 శాతానికి పైగా నీరే. తాటి ముంజలు కూడా ఆ కోవలోవే. అయితే వీటిలో సోడియం తక్కువ. కొబ్బరి నీళ్లలో పొటాషియం దండిగా ఉన్నా సోడియం అంతంత మాత్రమే. కాబట్టి చెమటోడ్చిన మనిషి కొబ్బరి బోండాంతో సరిపెట్టుకోకుండా ఉప్పు తగిలే భోజనం కూడా చేయాలి. పుచ్చకాయ ముక్కలపై కాస్త ఉప్పు చల్లుకునే అలవాటు ఎండలో పనిచేసేవారికి మంచిదే. నిమ్మకాయ నీళ్లలో ఉప్పూ పంచదారా రెండూ వేయడంలోనూ అదే కిటుకు.

ఇక శక్తి మాట. గ్లూకోజ్ నీళ్లు, తీపి పానీయాలు ఇచ్చే చురుకు ఎంత త్వరగా వస్తుందో అంత త్వరగానే పోతుంది. మధ్యాహ్నం దాకా నిలిచే బలం కావాలంటే నెమ్మదిగా అరిగేవి కడుపులో పడాలి. అరటిపండు, గుప్పెడు వేరుశనగలతో బెల్లం ముక్క, ఉడికించిన శనగలు, అంబలి ఇలాంటివే. డబ్బాల్లో అమ్మే ఎనర్జీ డ్రింకుల్లో ఉండేది ప్రధానంగా చక్కెర, కెఫీన్. కెఫీన్ అలసటను తీర్చదు, అలసట తెలియకుండా చేస్తుంది. ఎండలో అలసట తెలియకపోవడం కన్నా ప్రమాదం లేదు. పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇది తగదని ఆ డబ్బాల మీదే రాసి ఉంటుంది, సన్నటి అక్షరాల్లో. ఎండన పడి వచ్చి తాగే కల్లు, బీరు కూడా దాహం తీర్చినట్టే అనిపించి ఒంట్లోని నీటిని బయటికి తోస్తాయి. టీ, కాఫీలకు మాత్రం అంత భయపడనక్కర్లేదు. రెండు మూడు కప్పులైతే నీటి ఖాతాలోకే వస్తాయి.

సన్నటి అక్షరాలకు మరో కథ కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్‌లో లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు, వాటితో పాటు పొటాషియం క్లోరైడ్, సిట్రేట్ ఉంటాయి. మామూలు తీపి పానీయాల్లో చక్కెర లీటరుకు వంద గ్రాములు దాటడం సాధారణం. అంత చక్కెర పేగులోకి వెళితే నీటిని లోపలికి పంపే బదులు పేగులోకే గుంజి విరేచనాలు పెంచుతుంది. అయినా ఏళ్ల తరబడి ఇలాంటి పానీయాలు పేరులో ‘ఓఆర్‌ఎస్’ తగిలించుకుని మందుల దుకాణాల్లో అమ్ముడయ్యాయి. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ దీనిపై సుదీర్ఘ పోరాటమే చేశారు. ‘ఇది అసలు ఓఆర్‌ఎస్ కాదు’ అన్న హెచ్చరికతో ఆ పేరు వాడుకోవచ్చని 2022లో అనుమతిచ్చిన ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ, 2025 అక్టోబర్‌లో ఆ అనుమతిని ఉపసంహరించింది. పసివాడికి విరేచనాలైతే తల్లిదండ్రులు అడగాల్సింది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేసినట్టు పైన రాసి ఉన్న పొట్లం. అది దొరక్కపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో తలకొట్టిన ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. ఉప్పు అంతకు మించితే మేలు పోయి కీడవుతుంది.

ఉప్పు మాట అందరికీ ఒకేలా వర్తించదు. ఫ్యాను కింద కూర్చుని పనిచేసేవారికి మామూలు భోజనంలోని ఉప్పే సరిపోతుంది, చాలాసార్లు ఎక్కువే. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారు అదనపు ఉప్పు విషయంలో, కిడ్నీ జబ్బు ఉన్నవారు కొబ్బరి నీళ్లు, అరటిపండ్ల విషయంలో వైద్యుణ్ని అడగాలి. మధుమేహులకు తీపి పానకాల కన్నా మజ్జిగ మేలు. వృద్ధులకు దాహం సరిగా తెలియదు కాబట్టి అడిగేదాకా ఆగకుండా గ్లాసు చేతికివ్వాలి. ఎండలో పనిచేసేవారు పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు చొప్పున తాగాలి, గంటకు లీటరున్నర మించకూడదు. మూత్రం లేత పసుపులో ఉంటే క్షేమం, చిక్కబడితే హెచ్చరిక. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ. అప్పుడు మజ్జిగ కోసం పరుగెత్తకూడదు. నీడకు చేర్చి, ఒంటిపై నీళ్లు చల్లి విసురుతూ 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయకూడదు.

ఇవన్నీ తెలిసినా తాగలేనివారు ఉన్నారు. మిరప తోటల్లో, ఇటుక బట్టీల్లో, భవనాల కింద పనిచేసే ఆడవాళ్లు చాలామంది పొద్దుటి నుంచి గొంతు తడుపుకోరు. వారికి మజ్జిగ విలువ తెలియక కాదు. తాగితే వెళ్లడానికి మరుగు ఉండదు. పని ఇచ్చేవారు కుండ నింపడంతో పాటు ఆ మరుగునూ చూపించాలి. అప్పుడే ఆ కుండలోని నీళ్లు, మజ్జిగ వారి గొంతులోకి దిగుతాయి.