సాధనా కట్ సాదగీ కాదు, రియాజ్

మన ఖాందాన్ వాట్సాప్ గ్రూపుల్లో పాత ఫోటోల మౌసమ్ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. 1960ల నాటి బ్లాక్ అండ్ వైట్ ఫోటో ఒకటి వస్తుంది. అందులో ఓ ఖాలానో, ఓ ఫుప్పూనో, కనుబొమ్మల దాకా వాలిన జుల్ఫులతో కెమెరా వంక బెరుగ్గా చూస్తుంటుంది. కింద కామెంట్లు మొదలు. "మాషాఅల్లాహ్, ఆ రోజుల్లో ఎంత సాదగీ! ఇప్పటి ఆడపిల్లలు గంటలకొద్దీ ఆయినా ముందే."

ఈ మాట మీద నాకు ఐతరాజ్ ఉంది. ఆ ఫోటోలో ఉన్నది సాదగీ కాదు, సాధనా కట్.

1960లో 'లవ్ ఇన్ సిమ్లా' అనే హిందీ సినిమా వచ్చింది. హీరోయిన్ సాధనకి పేషానీ కాస్త విశాలం. అది కెమెరాలో మరీ కొట్టొచ్చినట్టు కనబడకుండా, డైరెక్టర్ ఆర్.కె. నయ్యర్ హాలీవుడ్ నటి ఆడ్రీ హెప్‌బర్న్ తరహాలో ముందు జుట్టు కత్తిరించి నుదుటి మీదికి దువ్వించాడు. ఒక ఐబ్ కప్పిపుచ్చడానికి చేసిన తర్కీబ్ కాస్తా దేశమంతటికీ ఫ్యాషన్ అయి కూర్చుంది. ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీలో తెలుగు తీసుకున్న నాకు ఈ పేరులో ఓ లుత్ఫ్ కనిపిస్తుంది. తెలుగులో సాధన అంటే పట్టు వదలని అభ్యాసం, మన మాటలో రియాజ్. ఆ కట్‌కి అంతకన్నా తగిన పేరు లేదు.

ఎందుకంటారా? గుంటూరులో మా పెద్ద ఫుప్పు పడిన మెహనత్ వినండి. పార్లర్ లేదు, డ్రయ్యర్ లేదు, స్ప్రే లేదు. కుంకుడుకాయతో తలంటుకోవాలి. ముందు జుట్టు పాయ తీసి తడి మీదే కిందికి దువ్వాలి. ఇంట్లో బట్టలు కత్తిరించే పెద్ద కత్తెరతో, ఊపిరి బిగబట్టి కత్తిరించాలి. అదీ కనుబొమ్మల కంటే కాస్త కిందికే, ఎందుకంటే తడి జుట్టు ఆరితే పైకి ముడుచుకుంటుంది. ఆ లెక్క తెలియని ఆమె సహేలీ ఒకామె నెలరోజులు దుపట్టా కనుబొమ్మల దాకా లాక్కుని తిరిగిందట. రాత్రిపూట జుట్టు లేవకుండా నుదుటికి రుమాలు కట్టుకుని పడుకోవాలి. దాదీమా కొబ్బరినూనె గిన్నెతో వెంటపడుతుంది. నూనె తగిలిందా, జుల్ఫులు దీపం వత్తుల్లా అతుక్కుపోతాయి. ఇక గుంటూరు ఎండ, ఆ చెమట సంగతి మీకు చెప్పక్కర్లేదు.

వీటన్నిటికంటే పెద్ద ఇమ్తిహాన్ వుజూ. మొహం కడగడమంటే జుట్టు మొదలు నుంచి గడ్డం కింది దాకా. ఆపైన తలకి మసహ్. అంటే రోజుకి ఐదుసార్లు జుల్ఫులు తడవాల్సిందే. నమాజులో వెంట్రుక బయట కనబడకూడదు గనుక అవన్నీ దుపట్టాలోకి దోపుకోవాలి. సలామ్ తిప్పి, దువా అయ్యాక మళ్లీ కంఘీ, మళ్లీ మొదటి నుంచి. మా ఫుప్పు నమాజూ వదల్లేదు, జుల్ఫులూ వదల్లేదు.

ఇంట్లో తుఫాను రాలేదా అంటే, వచ్చింది. "పేషానీ మీద అల్లాహ్ రాసిన రాతని కప్పుకుంటావా?" అని దాదీమా కోప్పడింది. తెలుగువాళ్లకి నుదుటి రాత, మనకి పేషానీ కా లిఖా, గదమాయింపు మాత్రం ఇద్దరి ఇళ్లలోనూ ఒకటే. దాదాజాన్ వారం రోజులు మాట్లాడలేదట. కానీ కత్తిరించిన జుట్టుని ఎవరు అతికిస్తారు? నెలకి సెంటీమీటరు పైచిలుకు పెరిగే జుట్టు తిరిగి జడలో కలవాలంటే ఏడాదికి పైనే పడుతుంది.

బయటికెళ్తే బుర్ఖా, నఖాబ్. ఆ కట్‌ని చూసే పరాయి మనిషే లేడు. "మరి ఇంత తంటా ఎవరికి చూపించడానికి?" అని ఓసారి అడిగాను. ఫుప్పు పకపకా నవ్వింది. "కిస్‌కూ దిఖానా మా? ఆయినేకూ!"

నా మాటంతా ఈ జవాబులోనే ఉంది. పదో తరగతితో చదువు ఆపేసిన పిల్ల, రిష్తా ఎవరితోనో తాను తేల్చుకోలేని పిల్ల, ఏ రంగు జోడా కుట్టించాలో కూడా పెద్దలే చెప్పే పిల్ల. ఆమె ఇఖ్తియార్‌లో ఉన్నది ఆ నాలుగు వేళ్ల వెడల్పు నుదురు. దాని కోసం ఆమె లడాయి చేసింది, మెహనత్ చేసింది, గెలిచింది. ఇవాళ మనం ఆ ఫోటో కింద 'సాదగీ' అని రాస్తే ఆ లడాయిని చెరిపేసినట్టే. పైగా ఆ చెరిపేసిన ఫోటోనే మన బేటీలని దండించడానికి బెత్తంగా వాడుతున్నాం.

ఇప్పటి పిల్లలు చేసేదంతా సహీ అని నేననను. పార్లర్లో వేలు పోసి చేయించే స్ట్రెయిటనింగ్‌లు, కెరాటిన్‌ల ఖర్చు ఇంటి బడ్జెట్‌కి బోఝే. ఆ మందుల్లో కొన్నిటి నుంచి ఫార్మాల్డిహైడ్ వెలువడుతుంది, అది కళ్లకీ ఊపిరికీ హాని. ఇవి చెప్పాల్సిన మాటలే. వజహ్ చెప్పి, ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పండి, పిల్లలు వింటారు. 'మా జమానాలో మేము ఇలా కాదు' అని మాత్రం అనకండి. అది అబద్ధం. అబద్ధంతో మొదలుపెట్టిన నసీహత్ ఎంత మంచిదైనా చెవికెక్కదు.

'లవ్ ఇన్ సిమ్లా' కథలో ఓ సంగతి చాలామంది మరిచిపోయారు. కళ్లద్దాలు పెట్టుకుని, ఎవరి కంటికీ ఆనని ఆ పిల్ల రూపు మారడానికి అండగా నిలిచింది ఇంట్లోని ముసలావిడే, దుర్గా ఖోటే వేసిన పాత్ర. ఆ కట్‌ని కాపీ కొట్టిన ఖాందాన్లు ఆ ముసలావిడని కాపీ కొట్టలేకపోయాయి.

అది ఇప్పుడైనా చేయొచ్చు. ఈసారి చాంద్ రాత్‌కి ఆల్బమ్ తీసినప్పుడు, మీ బేటీని ఖాలా పక్కన కూర్చోబెట్టి, ఆ జుల్ఫులు ఎలా నిలబెట్టిందో ఆమె నోటితోనే చెప్పించండి. కత్తెర సంగతి, రుమాలు సంగతి, దాదాజాన్ గుస్సా సంగతి, ఏదీ దాచకుండా.